మా గ్రూపులో 180 మంది, మా డివిజన్‌లో ఎంతమంది?

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఒక కాలనీలో ఉంటున్నాం. ఆరేళ్ళుగా రోజూ రాత్రి ఇరవై రెండు వీధికుక్కలకు అన్నం పెడుతున్నాను. వాటిలో పదిహేనింటికి నా ఖర్చుతోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించాను. నాలాంటివాళ్ళం 180 మందిమి కలిసి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. కార్పొరేషన్ ఎన్నికల్లో మా డివిజన్ నుంచి టికెట్టు ఆశిస్తున్నవాళ్ళు ఇప్పటినుంచే ‘గెలిపిస్తే కుక్కలన్నిటినీ ఊరవతల వదిలేయిస్తాం’ అని చెప్పుకుంటూ తిరుగుతున్నారు. ఈ సంగతి గ్రూపులో పెడితే అందరూ దండాలు, ఏడుపు బొమ్మలు పెట్టారు. ఓటు మాట ఎత్తితే మాత్రం ‘ఎవరు గెలిచినా ఒకటే’ అంటారు. గతసారి పోలింగు రోజున సగం మంది ఊళ్ళో లేరు. వీళ్ళను కదిలించడం ఎలా? మాలోనే ఒకరిని నిలబెడితే? లేదా అందరం కలిసి ఎన్నికలను బహిష్కరిస్తామని ప్రకటిస్తే? ఇంకో సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ళ కిందట పాల ప్యాకెట్టు కోసం వెళ్తున్న మా అత్తగారిని కుక్క కరిచింది. ఆవిడ ఓటు ‘కుక్కలను తీసేస్తాం’ అన్నవాళ్ళకేనట. ఇంట్లోనే ఒప్పించలేనిదాన్ని వీధిలో ఏమి చేయగలను?

పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ బహిష్కరణ మాట పక్కన పెట్టేద్దాం. 2020 డిసెంబరు 1న జీహెచ్‌ఎంసీకి ఎన్నికలు జరిగినప్పుడు 74 లక్షల పైచిలుకు ఓటర్లున్నారు. వచ్చి ఓటు వేసింది 46 శాతం చిల్లర. అంటే నగరంలో సగానికి పైగా జనం ప్రకటన కూడా ఇవ్వకుండానే బహిష్కరించినట్టు. దానివల్ల ఏ డివిజన్‌లోనైనా కార్పొరేటర్ ఎన్నిక ఆగిందా? ఏ పార్టీ అయినా అయ్యో అనుకుందా? రానివాళ్ళ గురించి బెంగపెట్టుకునే అభ్యర్థిని నేనింతవరకు చూడలేదు. పైగా, రానివాళ్ళెవరో ముందే తెలిస్తే ఆ వీధికి వెళ్ళే శ్రమ తప్పిందని సంతోషిస్తారు.

ఊహించి చెబుతున్న మాట కాదు. ఒక మునిసిపల్ ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు గుమాస్తాగా పనిచేశాను. పదకొండు ఎన్నికల్లో పోలింగు డ్యూటీ పడింది. పోలింగు కేంద్రంలో పార్టీల ఏజెంట్లు కూర్చునే బెంచీ వైపు మీరెప్పుడైనా తేరిపార చూశారా? ఒక్కొక్కరి ముందు ఓటర్ల జాబితా ఉంటుంది, దాని మీద అడ్డంగా ఒక స్కేలు. మేము వరస సంఖ్య, పేరు పైకి చదువుతాం. వాళ్ళు స్కేలు జరిపి ఆ పేరు మీద పెన్సిలుతో గీత గీస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గీత పడని పేర్ల లెక్క ఎలాగో బయటికి చేరుతుంది. కుర్రాళ్ళు ఆటోలు వేసుకుని ఆ ఇళ్ళకు బయలుదేరతారు. ఎన్నిక అయిపోయాక ఆ గీతలున్న జాబితాను ఎవరూ పారేయరు. అయిదేళ్ళపాటు ఏ వీధి బరువెంతో చెప్పేది అదే. మీ గ్రూపులోని ఏడుపు బొమ్మలు ఆ జాబితా మీద పడవు.

అందుకే మీ ప్రశ్నకు నా ఎదురు ప్రశ్న: ఆ 180 మందిలో మీ డివిజన్‌లో ఓటున్నవాళ్ళెందరు?

ఎత్తిపొడుపుగా అడగడం లేదు, మీరు చేయాల్సిన మొదటి పని అదే కాబట్టి అడుగుతున్నాను. ఇలాంటి గ్రూపుల్లో కూకట్‌పల్లివాళ్ళుంటారు, మెహదీపట్నంవాళ్ళుంటారు, పెళ్ళయి బెంగళూరు వెళ్ళిపోయినా గ్రూపు వదలలేనివాళ్ళుంటారు. మీ కాలనీలోనే ఉండి, ఓటు మాత్రం ఖమ్మం దగ్గరో కాకినాడ దగ్గరో సొంత ఊళ్ళో ఉంచుకున్నవాళ్ళుంటారు. అద్దె ఇల్లు మూడుసార్లు మారినా ఓటు మొదటి ఇంటి దగ్గరే ఉండిపోయినవాళ్ళుంటారు. ఇవన్నీ తీసేస్తే నలభై మంది మిగిలితే గొప్ప. ఆ నలభై అంకె చూసి నీరుగారిపోకండి. ఇంతవరకు మీ చేతిలో ఉన్న 180 ఉత్త గాలి అంకె. నలభై అయితే లెక్కకు నిలుస్తుంది.

ఈ ఆదివారం ఒక నోటుపుస్తకం తీసుకోండి. కంప్యూటర్లో పట్టిక వేస్తానంటారేమో, వద్దు. చేతిలో పట్టుకుని గుమ్మం ముందు నిలబడగలిగేది కావాలి. ఒక్కొక్కరి పేరు, ఇల్లు, ఓటరు కార్డు సంఖ్య, పోలింగు కేంద్రం రాసుకోండి. మీ డివిజన్ ఏదో కూడా సరిచూసుకోండి. 2025 చివర్లో చుట్టుపక్కల 27 మునిసిపాలిటీలను, కార్పొరేషన్లను కలిపేసి, 150 డివిజన్లను 300 చేశారు. సరిహద్దులు తారుమారయ్యాయి. మీ వీధికి ఆ వైపు ఇళ్ళు ఇప్పుడు వేరే డివిజన్‌లో ఉన్నా ఆశ్చర్యం లేదు. స్థానిక ఎన్నికలకు విడిగా ఓటర్ల నమోదు ఉండదు. అసెంబ్లీ జాబితానే వార్డులవారీగా విడదీస్తారు. కాబట్టి పేరు లేనివాళ్ళు ఫారం 6, ఇల్లు మారినవాళ్ళు ఫారం 8 ఇప్పుడే నింపాలి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే అందదు. ఊళ్ళో ఓటు అలాగే ఉంచి ఇక్కడ ఇంకొకటి రాయించుకుంటామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది నేరం. ఎక్కడ కుక్కలకు అన్నం పెడుతున్నారో అక్కడే ఓటు కూడా ఉండాలని మాత్రం చెప్పండి. ఈ మాట బాగా పనిచేస్తుంది.

నలభైతో ఏమవుతుందంటారా? 2020 లెక్కే చూడండి. అప్పటి 9,101 పోలింగు కేంద్రాలకు ఓటర్లను పంచి చూస్తే కేంద్రానికి సగటున ఎనిమిది వందల చిల్లర. వచ్చినవాళ్ళు నాలుగు వందల లోపు. ఆ నాలుగు వందలను ముగ్గురు నలుగురు అభ్యర్థులు పంచుకోవాలి. ఒకే కేంద్రంలో నలభై మంది ఒకే మాట మీద ఉన్నారంటే పదోవంతు ఓట్లు. కుల సంఘాల పెద్దలు ఇంతకంటే చిన్న అంకెలతో అభ్యర్థులను వాకిట్లో నిలబెడతారు.

మీరు ఊళ్ళో లేరన్న సగం మంది సంగతికి వద్దాం. ఆ ఎన్నికలప్పుడు నవంబరు 28 నాలుగో శనివారం, 29 ఆదివారం, 30 కార్తీక పౌర్ణమి, డిసెంబరు 1 పోలింగు సెలవు. వరసగా నాలుగు రోజులు కలిసొస్తే హైదరాబాద్ ఖాళీ కావడం కొత్తేమీ కాదు. కానీ ఒక సంగతి గమనించండి. నిజంగా రోజూ అన్నం పెట్టేవాళ్ళు ఊళ్ళకు పోలేరు. పోతే ఆ రాత్రి వాటికి ఎవరు పెడతారు? అంటే మీ గ్రూపులో ఊరు దాటినవాళ్ళంతా ఫోటోలు చూసి మురిసిపోయేవాళ్ళు, కదలకుండా ఉన్నవాళ్ళంతా గిన్నె పట్టుకునేవాళ్ళు. ఆ రెండో రకం వాళ్ళతోనే మొదలుపెట్టండి. మొదటి రకం వాళ్ళను కదిలించడానికి మీ ఆయుష్షు ఖర్చు పెట్టకండి.

అసలు మీ బలగం గ్రూపులో లేదని నా అనుమానం. ఒకసారి చిన్న పట్టణంలో, ఒక బడిలో డ్యూటీలో ఉన్నాను. ఉదయం ఏడున్నరకు ఒక పెద్దావిడ వచ్చింది, వెనకే ఒక గోధుమరంగు కుక్క. గేటు దగ్గర కానిస్టేబులు కర్ర ఎత్తాడు. ‘అది లోపలికి రాదులే నాయనా, నేనొచ్చేదాకా ఇక్కడే కూర్చుంటుంది’ అంది ఆవిడ. నిజంగానే అది గేటు పక్కన చెప్పుల దగ్గర కూర్చుంది. వేలికి సిరా వేస్తుంటే మా ఆఫీసరు నవ్వుతూ ‘నీ కుక్కకు కూడా ఓటుందా మామ్మా’ అన్నాడు. ‘దాని ఓటు కూడా నేనే వేస్తున్నా. కిందటిసారి గెలిచినవాడు మా సందులో కుక్కలకు మందు పెట్టించాడు, ఇప్పుడు చూసుకుంటా’ అంది. ఆవిడ ఏ గ్రూపులోనూ లేదు. జంతు ప్రేమికురాలివా అని అడిగితే మీ వైపు వింతగా చూసేది. రాత్రి మిగిలిన పెరుగన్నం పారేయడం ఇష్టం లేక వాకిట్లో పెట్టే మనిషి, అంతే.

అలాంటివాళ్ళు మీ కాలనీలో ఎంతమంది ఉన్నారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఎండాకాలం ప్రహరీ మీద పిట్టలకు మూకుడులో నీళ్ళు పోసేవాళ్ళు, వీధిలో వచ్చే ఆవుకు అరటి తొక్కలు దాచిపెట్టేవాళ్ళు, మీకు రోజూ కోడి కాళ్ళు, మెడలు ఊరికే ఇచ్చే చికెన్ కొట్టు ఆయన, బిస్కెట్టు ముక్క విసిరే టీ బండి ఆయన. వీళ్ళు వాదించరు, పోస్టులు పెట్టరు. పోలింగు రోజున మాత్రం ఎండ ఎక్కకముందే వరసలో ఉంటారు. అరవై దాటిన ఆడవాళ్ళంత నమ్మకమైన ఓటర్లను నా సర్వీసులో చూడలేదు. వాళ్ళను ఓటు వేయమని బతిమాలనక్కర లేదు, ఎవరి మాట ఏమిటో చెబితే చాలు. మీ నోటుపుస్తకంలో వీళ్ళకు వేరే పేజీ పెట్టండి. నలభై కాస్తా నూట యాభై ఎప్పుడయిందో మీకే తెలియదు.

‘ఎవరు గెలిచినా ఒకటే’ అన్నవాళ్ళకు చెప్పాల్సింది క్లుప్తంగా చెబుతాను. 74వ రాజ్యాంగ సవరణతో చేరిన పన్నెండో షెడ్యూలులో మునిసిపాలిటీల పనులు పద్దెనిమిది ఉన్నాయి. పదిహేనో అంశం బందెలదొడ్లు (దారితప్పిన పశువులను కట్టి ఉంచే చోట్లు), జంతువుల పట్ల క్రూరత్వ నివారణ. వీధి దీపాలు కూడా దాని తరువాతే వస్తాయి, పదిహేడో అంశంగా! 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్లు, టీకాలు వేయించే బాధ్యత స్థానిక సంస్థదే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆపరేషన్, టీకా అయ్యాక కుక్కను పట్టుకున్న చోటే వదలాలి. రేబిస్ ఉన్నవి, ఉందన్న అనుమానం ఉన్నవి, మీదపడి కరిచే స్వభావమున్నవి దీనికి మినహాయింపు. ఎక్కడపడితే అక్కడ వీధిలో అన్నం పెట్టకూడదు, ప్రతి మునిసిపల్ వార్డులోనూ అందుకు చోటు చూపించాలి. ఆ చోటు ఎక్కడన్నది వార్డులో తేలే సంగతి. మీ గల్లీ చివర ఖాళీ స్థలమా, చెత్తకుప్ప పక్కనా అని తేలే రోజున కార్పొరేటర్ మాటకు విలువ ఉంటుందా, ఉండదా? ఆ మాట ఎటు పడుతుందో మీ నూట యాభై మంది తేల్చుకోవచ్చు. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లోంచి కుక్కలను తీసి, తిరిగి అక్కడ వదలవద్దని కూడా అదే కోర్టు చెప్పింది. మీకు నచ్చినా నచ్చకపోయినా అదీ తెలిసి మాట్లాడండి. తెలియకుండా మాట్లాడితే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

ఇక అసలు చిక్కు. ‘తీసేస్తాం’ అనేవాడికి మీ దగ్గర జవాబేమిటి? ‘అవీ ప్రాణులే కదా’ అంటే అది మీకు జవాబు, పిల్లవాడిని బడికి నడిపించుకెళ్ళే తల్లికి కాదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడిని కుక్కలు చంపేశాయి. ఆ దృశ్యం టీవీలో చూడని ఇల్లు తెలుగునాట లేదు. ఆ రోజుల్లో మీరు మీ గ్రూపులో ఏమి రాసుకున్నారో ఒకసారి వెనక్కి వెళ్ళి చూడండి. కుక్కలను వెనకేసుకొచ్చిన మాటలు ఎక్కువుండి, ఆ బిడ్డ గురించి తక్కువుంటే, మీ మీద జనానికి కోపం ఎందుకో తెలుస్తుంది. నేను మిమ్మల్ని నిందించడం లేదు. భయపడినవాళ్ళ ఓటు మీకు ఎదురు నిలిచిందంటే మీరు వాళ్ళతో ఎప్పుడూ మాట్లాడకపోవడం అందుకు ఒక కారణమని అంటున్నాను.

ఆ ఓటు బలం చిన్నది కాదు. 2025 డిసెంబరులో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలయ్యాయి. 2026 జనవరిలోనే హనుమకొండ, కామారెడ్డి జిల్లాల్లో కొన్ని ఊళ్ళలో వందలాది కుక్కలను చంపించారన్న ఆరోపణల మీద పోలీసులు కేసులు పెట్టారు. ఎన్నికల్లో ఇచ్చిన మాట తీర్చుకోవడానికే ఆ పని చేయించారన్న ఆరోపణలు పత్రికల్లో వచ్చాయి. చంపడం చట్టప్రకారం నేరం, భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను కింద అయిదేళ్ళ దాకా జైలు. అయినా అలాంటి హామీ ఊరికే పుట్టదు కదా. ప్రచారంలో ప్రతి గడపలోనూ ‘కుక్కల సంగతి చూడు’ అన్న మాట వినిపిస్తేనే అభ్యర్థి దాన్ని పట్టుకుంటాడు. ఇంకో దారి ఉందని చెప్పే మనిషి ఆ గడపల్లో ఒక్కరైనా ఉంటే ఆ హామీ ఇంకోలా ఉండేదేమో.

ఇంకో దారి మీకు తెలుసు, ఆరేళ్ళుగా చేస్తున్నారు. ఉన్న కుక్కలను తరిమేస్తే ఆ చోటు ఖాళీగా ఉండదు. ఆపరేషన్ కాని, టీకా పడని కొత్తవి వచ్చి చేరతాయి. తిండి దొరికే చెత్తకుప్ప అక్కడే ఉంటుంది మరి. ఒక ప్రాంతంలో ఎక్కువ భాగం ఆడకుక్కలకు ఆపరేషన్లు, టీకాలు వరసగా చేసుకుంటూ పోతేనే సంఖ్య తగ్గుతుంది. జైపూర్‌లో 1990ల నుంచి ఏళ్ళ తరబడి అలా చేస్తే కుక్కల సంఖ్య పావు వంతుకు పైగా తగ్గింది, ఆ కార్యక్రమం నడిచిన ప్రాంతంలో మనుషులకు రేబిస్ రావడం ఆగిపోయింది. గోవాలో ఇంటింటికీ, వీధివీధికీ తిరిగి కుక్కలకు టీకాలు వేశాక 2021లో రేబిస్ నియంత్రిత రాష్ట్రంగా ప్రకటించుకున్నారు. ఇదంతా భయపడేవాళ్ళకు కూడా కావలసిందే. వాళ్ళకు కుక్క కరవకూడదు, మీకు కుక్క చావకూడదు. రెంటికీ పని ఒకటే.

కాబట్టి మీ డిమాండు కుక్కల పక్షాన రాయకండి, కాలనీ పక్షాన రాయండి. ఒక కాగితం, నాలుగు వాక్యాలు. మన డివిజన్‌లో నెలనెలా ఎన్ని కుక్కలకు ఆపరేషన్, టీకా వేశారో, ఏ వీధిలో పట్టి ఏ వీధిలో వదిలారో వార్డు కార్యాలయం బోర్డు మీద రాయాలి. కుక్క కరిచినవారికి వేసే రేబిస్ టీకా మన దగ్గరి ప్రభుత్వ దవాఖానాలో ఎప్పుడూ నిల్వ ఉండాలి. అన్నం పెట్టే చోటు, వేళ కాలనీవాళ్ళను కూర్చోబెట్టి ఖాయం చేయాలి, అది పిల్లలు ఆడుకునే చోటికి, మెట్ల దారికి దూరంగా ఉండాలి. మాంసం, చికెన్ కొట్ల వ్యర్థాలను రోజూ తీసుకెళ్ళాలి. అయిదో వాక్యం రాయాలని మీకు చెయ్యి దురద పెడుతుంది. ఒకరు చైనా మాంజా అంటారు, ఒకరు బోనాల మేకపోతు అంటారు, ఒకరు కోళ్ళను తలకిందులుగా వేలాడదీసి తీసుకెళ్ళే మోపెడ్ల మాట ఎత్తుతారు. ఎవరి బాధ వాళ్ళకు నిజమే. కానీ ఆ కాగితం మీద మేకపోతు ఎక్కిన రోజున మీ కాలనీలో సగం తలుపులు మూసుకుంటాయి. మిగతావి ఇంకో రోజుకు ఉంచండి.

మొదటి వాక్యం చూసి చిన్నదనుకోకండి. ఫతుల్లాగూడ, చుడీబజార్, పటేల్‌నగర్ లాంటి చోట్ల నగరపాలక సంస్థకు జంతు సంరక్షణ కేంద్రాలున్నాయి, పట్టుకెళ్ళే బండ్లున్నాయి, డాక్టర్లున్నారు. లేనిది మీ వీధికి వచ్చే వరస. ఎవరు గట్టిగా అడిగితే అటు బండి పోతుంది. అక్కడ నాలుగు కుక్కలను ఎక్కించుకుంటారు, ఇంకో నెల ఇంకో మూల. ఒక వీధి పూర్తికాకుండా ఇంకో వీధికి పోతే ఎన్నేళ్ళు చేసినా తరగదు. బోర్డు మీద అంకె రాయాల్సి వస్తే వరస దానంతట అదే వస్తుంది. ఆఫీసు మనిషిని కాబట్టి చెబుతున్నాను, మాకు బోర్డంటే ఉన్న భయం అర్జీ అంటే ఉండదు.

ఈ కాగితం మీద మీవాళ్ళ సంతకాలకంటే ముందు, కుక్కలంటే భయపడేవాళ్ళ సంతకాలు పెట్టించండి. అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శితో మీకు గొడవలుండే ఉంటాయి. ఆయన దగ్గరికే ముందు వెళ్ళండి. గొడవపడిన ఇద్దరి సంతకాలు ఒకే కాగితం మీద కనిపిస్తే అభ్యర్థి ఆగి చదువుతాడు.

అభ్యర్థిని ఎప్పుడు కలవాలన్నది ముఖ్యం. టికెట్టు రాకముందు వాళ్ళు అందరికీ అన్నీ ఒప్పుకుంటారు, గెలిచాక ఫోను ఎత్తరు. పార్టీ అభ్యర్థి ఇతనేనని ఖాయం చేసే బీ ఫారం చేతికొచ్చిన రోజు నుంచి ప్రచారం ముగిసేదాకా ఉన్న ఆ కొద్ది రోజులే మీవి. అందరు అభ్యర్థుల దగ్గరికీ వెళ్ళండి, ‘తీసేస్తాం’ అన్నవాళ్ళ దగ్గరికి కూడా. ఇద్దరు ముగ్గురే వెళ్ళండి, నోటుపుస్తకం చేతిలో కనిపించేలా పట్టుకుని. తెరిచి చూపించకండి, కనిపిస్తే చాలు. సీటు మహిళలకు రిజర్వయితే మాట్లాడేది అభ్యర్థి భర్త అవుతాడు, మీకు తెలియనిది కాదు. మర్యాదగానే ‘మేడమ్ గారితో కూడా ఒక్క నిమిషం’ అని కూర్చోండి. సాయంత్రానికి ఎవరు సంతకం పెట్టారు, ఎవరు పెట్టలేదు, ఎవరు ఏమన్నారు అన్నది ఉన్నదున్నట్టు మీ నూట యాభై మందికీ చెప్పండి. మీ వ్యాఖ్యానం కలపకండి. జనం వ్యాఖ్యానం తాము చేసుకుంటారు.

మీలోనే ఒకరిని నిలబెట్టడం గురించి అడిగారు. నా మాట వింటే వద్దు. గుప్పిట మూసి ఉన్నంతవరకే దానికి విలువ. ఇండిపెండెంటుగా నిలబడి నూట పది ఓట్లు తెచ్చుకున్నారనుకోండి, డివిజన్‌లో మీ బలం నూట పదేనని మీరే రాసిచ్చినట్టు. ఇక అయిదేళ్ళు మీ మాట ఎవరూ వినరు. అదే నూట పది మంది ఎటు మొగ్గుతారో తెలియని స్థితిలో ఉంటే అందరూ పలకరిస్తారు.

రెండు జాగ్రత్తలు. మీలో ఎవరైనా రిజిస్టరైన జంతు సంక్షేమ సంస్థ నడుపుతుంటే దాని పేరు, లెటర్‌హెడ్, విరాళాల డబ్బు ఈ పనిలోకి తేవద్దు. పౌరులుగా మీరు చేయండి, సంస్థను తన పని తాను చేసుకోనివ్వండి. అలాగే ఫలానావారికే ఓటు వేయండని సొంత డబ్బుతో కరపత్రాలు వేశారంటే, ఆ అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకపోతే చిక్కుల్లో పడతారు. ఎవరు ఏమి అన్నారో చెప్పే కాగితమైనా సరే, దాని మీద ముద్రించినవారి, వేయించినవారి పేరు, చిరునామా ఉండేలా చూసుకోండి.

పోలింగు రోజు పెద్ద హడావిడి అక్కర లేదు. మీ నోటుపుస్తకంలో ప్రతి పది పేర్లకు ఒకరిని బాధ్యులుగా పెట్టండి. ముందురోజు రాత్రి అన్నం పెట్టేటప్పుడే పక్క ఇంటివాళ్ళకు ‘పొద్దున్నే ఏడింటికి కలిసి వెళ్దాం’ అని చెప్పండి. ఫోను సందేశం వంద మందికి పంపడం కంటే, గుమ్మం ముందు నిలబడి ‘పిన్నిగారూ, బయలుదేరదామా’ అన్న ఒక్క మాటకు చెప్పులు వేసుకుంటారు. పదకొండు గంటలకల్లా మీ పేజీలో గీతలు పడాలి, పడని పేర్లకు మధ్యాహ్నం మనిషిని పంపాలి. అచ్చం పార్టీ ఏజెంట్లు చేసేదే. మరో సంగతి, ముద్దొస్తుంది కదా అని మెడలో రిబ్బను కట్టి కుక్కను పోలింగు కేంద్రం దాకా తీసుకెళ్ళి ఫోటోలు దిగకండి. ఆ మామ్మ కుక్క గేటు దగ్గర కూర్చున్న కాలం వేరు. ఇప్పుడు అది మీకు ఒక్క ఓటు తేదు, పది ఓట్లు పోగొడుతుంది. కేంద్రానికి వంద మీటర్ల లోపల ప్రచారం కూడా కుదరదు.

గెలిచింది మీరు ఓటు వేయని మనిషే కావచ్చు. అయినా పదిరోజులాగి అదే కాగితం పట్టుకుని వెళ్ళండి. ఓడినవాళ్ళ మీద ఎలాగూ పనిలేదు.

ఇక మీ అత్తగారి సంగతి. మీ ఉత్తరంలో నాకు నచ్చిన మనిషి ఆవిడే. పాల ప్యాకెట్టుకు వెళ్తే కుక్క కరిచింది, టీకాల కోసం నాలుగైదుసార్లు ఆసుపత్రి వరసలో నిలబడి ఉంటారు, ఆ కాలు పట్టుకుని ఇంటికొచ్చేసరికి కోడలు గిన్నెలో అన్నం కలుపుతూ కనిపించి ఉంటుంది. ఆవిడ కోపానికి నేనేమీ అనలేను. అప్పుడు ఆవిడతో మీరు ఆసుపత్రికి వెళ్ళారా? వెళ్ళి ఉంటే మంచిదే. లేకపోతే మొదట ఆ మాట ఒప్పుకోండి. తరువాత నేను చెప్పిన నాలుగు వాక్యాల కాగితం కాలనీలో ఎవరికీ చూపించకముందు ఆవిడకు చదివి వినిపించండి. ఓటు గురించి ఒక్క మాట కూడా అనవద్దు. ‘ఇది జరిగితే మీకు పాలకు వెళ్ళడానికి ధైర్యం వస్తుందా’ అని మాత్రమే అడగండి. ఏ వాక్యం దగ్గర ఆవిడ మొహం చిట్లించారో ఆ వాక్యం మార్చండి, మళ్ళీ వినిపించండి. ఆవిడ సంతకం పెట్టిన కాగితానికి మీ కాలనీలో కాదనేవాళ్ళుండరు. ఆవిడకు ఏ వాక్యం నచ్చలేదో నాకు కూడా రాయండి.